పాలతెలుపు, మీగడతెలుపు

మొన్న పెయింటరు మా హాల్లో గోడ మీద రెండు పట్టీలు కొట్టి, "యాది కావాల్నో చెప్పక్కా" అన్యాడు. ఒగటి పాలతెలుపు, ఇంగోటి మీగడతెలుపు. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "రెండూ ఒగటే గదప్పా, ఏదో ఒగటి కొట్టు" అనేసినాడు. అచ్చం ఆ మాటే నేను ముందొగసారి ఇన్యా.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేటోడు. రెండు పోగులు ఒగే రంగో కాదో అనుమానమొస్తే వీధి వీధంతా మా మగ్గం కాడికే వచ్చేది. నాయన పోగుల్ని కిటికీ వెలుతురుకు పట్టి, "ఇవి ఒగే దినం అద్దినవి కాదప్పా" అని తేల్చేటోడు. ఆ గర్వం మీసంలో కనపడేది.

నేను అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివినా. మా వంశంలో పదో తరగతి దాటినోళ్లే లేరు. ఫలితాలు పేపర్లో పడిన పొద్దు ఆ ఊర్లోనే పిన్నమ్మ ఇంట్లో ఉండి, చెప్పులు గూడా సరిగా తొడుక్కోకుండా పేపరు పట్టుకోని ధర్మవరం బస్సెక్కినా. కండక్టరుకు చెప్పినా. పక్కన శనక్కాయల గంపతో కూర్చున్న అవ్వకు చెప్పినా, "ఫస్టు క్లాసవ్వా!" అని. ఆమె, "అయితే పెండ్లెప్పుడు?" అనె.

పాప పాసైతే ఇంటికి సున్నం కొట్టిస్తానని నాయన ముందే అనుకున్యాడు. పోయేసరికి గోడ మీద రెండు మచ్చలుండాయి. ఒగటి ఒట్టి సున్నం, ఇంగోటి చిటికెడు పసుపురంగు కలిపింది. వార్త చెప్పంగానే నాయన నవ్వినాడు, కండ్లు తుడుసుకున్యాడు. "యాది కొట్టాల్నో నువ్వే చెప్పు నాయనా, నీకంటే తెలిసినోళ్లెవురు?" అన్యా. శానాసేపు చూసి, "రెండు యాడుండాయి పాపా? అంతా ఒగటే గదా" అన్యాడు. ఎగతాళి అనుకోని నేను పడీపడీ నవ్వినా.

అమ్మ నా రెక్క పట్టుకోని వంటింట్లోకి లాక్కపోయింది. "నవ్వొద్దే. ఏడాదిగా మీ నాయనకు సూపు ఆనడంల్యా. మీగడరంగు దారం కండెకు నేను గుర్తుగా సన్న ముడేసి ఇస్తాంటి, ఏలితో తడిమి నేస్తాండె. పోయిన వారం ముడెయ్యడం మర్సిపోతి. పెండ్లిచీర సగం ఒగ తెలుపు, సగం ఇంగో తెలుపు అయిపాయ. ఆ పొద్దునుంచి మగ్గం గుంతలోకి దిగలేదు."

"నాకు ఒగ ఉత్తరమన్నా రాయించకూడదా?"

"చెప్తే సదువు ఇడ్సిపెట్టి వస్తావని నా చేత ఒట్టేయించుకున్యాడు."

బయటికొస్తే నాయన పేపరు ఒళ్లో పరుసుకోని కూర్చోనుండాడు. "నీ నంబరు యాడుండాది, చూపీ." ఆయన ఏలు పట్టుకోని నంబరు మీద పెట్టినా. కదిలీకుండా అట్లే పెట్టుకోని, "అచ్చు మరీ సన్నంగ ఏసినారే" అన్యాడు.

"అవున్నాయనా, నాకే సరిగా కనపడల్యా" అన్యా.

నాయన మళ్లా మగ్గంలోకి దిగనే లేదు. అది జరిగి నలభై ఏండ్లు దాటిపాయ. ఆ పొద్దును ఒట్టి సంతోషంగా తలుసుకునేదానికి నాకింగా వయసు చాల్లేదేమో.