పొగ మీద నాలుగు దేశాల ఒప్పందం

త్రినాథరావు సారుకు ఒకటే జబ్బు: ఏ మాట మొదలైనా దాన్ని కోపెన్‌హాగెన్ తీసుకెళ్లి దించేవాడు. 2009 డిసెంబరులో అక్కడ దేశాలన్నీ కూర్చుని భూమి వేడెక్కడం గురించి వాదించుకుంటుంటే, ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్‌లో సారు ఒక్కడే అన్ని దేశాల తరఫునా వాదించేవాడు. కోచింగ్ సెంటర్లో భూగోళం చెప్పే ఆయనకు టీ వేడిగా ఉందన్నా ధ్రువాల మంచు గుర్తొచ్చేది.

ఎక్కువగా దొరికిపోయేవాడు సెంటర్ పక్కనే జిరాక్సు కొట్టు పెట్టిన కమలాకర్. కరెంటు కోతలు పడలేక కొత్తగా జనరేటర్ కొన్నాడు. వారం తిరక్కుండా సారు హాజరు.

"ఉద్గారాలు తగ్గించాలండీ!"

"అంటే ఏంది సార్?"

"పొగండీ."

"గట్ల చెప్పుండ్రి. మీ సెంటరోళ్లు పదేండ్ల సంది రెండు జనరేటర్లు నడుపుతున్నరు. నేను మొన్న కొన్న. నన్నే ఆపమంటరా?"

సారు అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "అద్భుతం! మన దేశం, చైనా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా కలిసి అంటున్నది ఇదే! ముందునుంచీ పొగ వదిలినవాళ్లే ముందు తగ్గాలి, ఎదిగేవాళ్లకి సాయపడాలి. మీరూ నలుగురు కలవండి!"

తెలంగాణ బందు రోజు షట్టర్లన్నీ దిగాయి. ఎవరికీ పని లేదు, సారుకు పట్టపగ్గాల్లేవు. కమలాకర్‌నీ, జనరేటర్లున్న పక్క మూడు కొట్లవాళ్లనీ మెట్లమీద కూర్చోబెట్టి, ఎదురుగా సెంటర్ యజమాని ప్రసన్నకుమార్‌ని నిలబెట్టాడు.

"బందుల గూడ ఆంధ్ర సారు మీటింగ్ వెట్టిండు!" దర్జీ గోపయ్య నవ్వాడు.

"మీ జనరేటర్లు రెండూ వెనక ఖాళీ జాగాకి మార్చి, డాబా దాటేదాకా పొగగొట్టం వేయించండి," అన్నాడు సారు. "ఒకటి ఈ నలుగురికీ ఇచ్చేయండి. వాళ్లవి ఆపేస్తారు."

"మిగిలిన ఒక్కటీ నాకెలా సరిపోతుందండీ?" అన్నాడు ప్రసన్నకుమార్.

"నా క్లాసులన్నీ పగలే, కిటికీ వెలుతురులో చెబుతా."

జీతమిచ్చే మనిషని కూడా చూడకుండా గంటన్నర వాయించాడు. చివరికి ప్రసన్నకుమార్ చేతులెత్తేశాడు.

గొట్టం లేచిన వారానికి కమలాకర్ మధ్యాహ్నం కొట్టు పైనే ఉన్న తన వాటాలోకి అన్నానికి వెళ్లాడు. తల్లి శివమ్మ కిటికీ బార్లా తెరిచి, నిమ్మళంగా బియ్యం ఏరుకుంటోంది.

"కిటికీ తీసినవేందమ్మా?"

"ఇప్పుడు పొగ లేదు గద కొడుకా. నెలసంది దమ్ము ఎగబడుతుండె. నీకు చెప్తే కొత్త మిషిన్ బందు వెడ్తవని చెప్పలే. మెట్లమీద దగ్గుతుంటే సారు చూసిండు. నీకు చెప్పనని ఒట్టు వెట్టించుకున్న."

కమలాకర్ కంచం పక్కన పెట్టి, కిటికీలోంచి డాబా దాటి లేచిన గొట్టం వంక చూశాడు. తర్వాత తల్లి హాయిగా ఊపిరి తీసుకోవడం చూసి నవ్వొచ్చింది. ఒట్టు తప్పకుండా ఆ పొగ ఆపడానికి ఆ మనిషి నాలుగు దేశాలను మోసుకొచ్చాడు!

సాయంత్రం సారు కనబడగానే స్టూలు జరిపాడు.

"కూసోండి సార్. చైనా ఏమన్నదో జర చెప్పుండ్రి."

ఇన్నేళ్లలో ఒకరు నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి. సారుకు మాట తడబడింది.

"ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారండీ?"