నీటి కింది సర్వే రాయి

ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల ముందు, వానలు వెనకబట్టిన ఆశ్వీజంలో, నన్ను ఏలూరు నుంచి కొల్లేటి లంక గ్రామాల ప్రత్యేక సర్వే పనికి వేశారు. హోదా డిప్యూటీ ఇన్‌స్పెక్టర్. అంటే కింది సర్వేయర్లు కొలిచినదాన్ని మళ్లీ కొలిచి సంతకం పెట్టేవాణ్ణి. ఒడ్డున ఇంకా చేపల చెరువులుగా తవ్వని పట్టా భూములను ప్రభుత్వమే సొమ్మిచ్చి కొని, ఎవరూ గట్టు వేయకుండా గడ్డినేలగానే ఉంచాలన్నది పథకం. ఎక్కడిదాకా కొనాలో గీత గీయడం నా వంతు. గీతకు సరస్సు వైపున్న భూమిని కొంటారు. ఇవతల వైపుది కొనరు.

ఈ ముచ్చట తాడేపల్లిగూడెంలో నాతోపాటు పొద్దున్నే నడిచే మిత్రులకు చాలాసార్లు చెప్పాను. మెడలోతు నీళ్లలోకి దిగాననీ, ఏడు జలగలు పట్టాయనీ, అయినా వదలకుండా సర్వే రాయిని చేత్తో తడిమి పట్టుకున్నాననీ. చెప్పిన ప్రతిసారీ నీళ్లు ఒక జానెడు పెరిగేవి. నిజానికి ఆ రోజు నీళ్లు నడుములోతే. జలగ ఒక్కటీ నన్ను పట్టలేదు. దిగింది నేను కాదు, నాగమణి.

ఆవిడది ఎకరంన్నర గడ్డినేల. భర్త పోయాక ఆవిడ పేరు మీదికి వచ్చింది. మూడు పక్కలా చెరువులు లేచాయి. మిగిలింది సరస్సు వైపు పక్క ఒక్కటే. కొత్త నీళ్లు వచ్చినప్పుడు కొల్లేటి చేప ఎదురెక్కి వచ్చి ఆ గడ్డిలో గుడ్లు పెట్టేది. నీళ్లు తీశాక అందులోనే గేదెలు మేసేవి. పక్క చెరువుల ఆసామి లీజుకిమ్మని ఏడాదిగా తిరుగుతున్నాడు. "గవర్నమెంటోళ్లు తీసుకుంటే ఇంకెవరూ తవ్వరు కదండీ? నేనుండగా ఆ కాగితం ఏదో అయిపోవాలండి," అన్నది ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట.

మా పనిలో కొలత ఎప్పుడూ, నెత్తిన అడ్డగీతలు చెక్కిన పాత రాయి దగ్గరే మొదలవాలి. ఏ రాయి ఎక్కడుందో గ్రామ సర్వే పుస్తకంలోని పటం చెబుతుంది. రాయి తప్పయితే గొలుసు ఎంత బిగువుగా లాగినా గీత తప్పే. అందుకే నాలాంటి తనిఖీ అధికారి రాయిని స్వయంగా చూడాలని నిబంధన. పటం ప్రకారం మాకు కావలసిన రాయి నీళ్లలో ఉంది. నాగమణి తన తాటి దోనెలో నన్ను కూర్చోబెట్టి, గెడ వేసుకుంటూ తీసుకెళ్లింది. ఒకచోట గెడ గుచ్చి, చీర ఎగదోపి దిగింది. కాళ్లతో అడుగు వెతుకుతూ కాసేపు తిరిగి, ఆగిపోయింది.

"ఇదుగోనండి రాయి. నెత్తిన అడ్డగీతలు కూడా తగుల్తన్నాయండి."

"నీ కాళ్లకి కళ్లున్నాయా అమ్మా?" అన్నాను, పెద్ద చమత్కారంలాగా.

"మా కాళ్లకి ఉంటాయండి. ఈ నీళ్లలో కళ్లకే ఉండవు. బురదలో మట్టగిడస చేపని కాలితో తొక్కి పట్టేవోళ్లం, కదలని రాయిని పట్టలేమేంటండి? మీరే దిగి చూడండి బాబుగారూ, నడుములోతే."

జలగలంటే నాకు చచ్చేంత భయం. పైగా కొత్త ప్యాంటు. మధ్యాహ్నం ఏలూరులో మీటింగు ఉందన్నాను. మీటింగు లేదు.

దూరాన చెరువు గట్టు మీద ఇంకో రాయి ఉంది. పొడిగా, తెల్లగా, బూట్లతో వెళ్లి చూడగలిగిన రాయి. చెరువు తవ్వినవాళ్లు దాన్ని జరిపారేమోనన్న అనుమానం రాకపోలేదు. పక్క రాయి నుంచి కొలిస్తే దూరం పటంతో కలవలేదు. అయినా రిపోర్టులో "పటంలోని రాయి కనబడలేదు" అని రాసి, గట్టు మీది రాయి నుంచే గీత గీశాను. నాగమణి భూమి గీతకు ఇవతల పడింది.

ఎండాకాలం మొదట్లోనే నీళ్లు తీశాయి. రాయి ఆవిడ కాలు చెప్పినచోటే, నెత్తిన గీతలతో, ఎండిన బురదలో నిలబడి ఉందట. ఆవిడ ఏలూరు ఆఫీసుకి బస్సెక్కి వచ్చి చెప్పింది. "ఇప్పుడు ప్యాంటు తడవదండి. వచ్చి చూడండి," అంది.

వెంటనే పైవాళ్లకు సవరణ లేఖ పంపాననీ, నిధులు అప్పటికే మురిగిపోయాయనీ మిత్రులతో చెబుతూ ఉంటాను. ఏ ఏటి నిధులు ఆ ఏడు ఖర్చుకాకపోతే వెనక్కి పోవడాన్ని మా ఆఫీసుల్లో మురిగిపోవడం అంటారు. అవి మురిగిన మాట నిజం. కానీ ఆవిడ వచ్చిన రోజుకి ఇంకా గడువుంది. లేఖ రాశాను. నా రిపోర్టు తప్పని నేనే రాసుకున్న వాక్యం దగ్గర సంతకం పెట్టలేక సొరుగులో పెట్టాను. గడువు దాటాక చింపేశాను.

రిటైరయ్యాక ఒకసారి అటు వెళ్లాను. గడ్డినేల లేదు. ఆ చోటి చెరువులో చేపలకు గాలి అందించే చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి. నాగమణి గట్టు మీద మేత బస్తా విప్పుతోంది. తన సొంత నేల మీదే, కూలికి. నా గీత వెంట నాలుగో పక్కా ఆసామి గట్టు వేశాడట. వానాకాలం నీళ్లు ఎటూ పోక రెండేళ్లు నిలిచిపోతే గడ్డి కుళ్లిందట. గేదెలను అమ్మేసి లీజుకిచ్చిందట.

"చేపలు ఎక్కుతున్నాయా ఇటు?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి గనక.

"ఎక్కడానికి దారేదండి?" అంది. కోపం లేదు. రాయి గురించి నేను అడగలేదు. ఆవిడే చెరువు వైపు చూపించింది. "అడుగునే ఉందండి. చెరువు ఎండగట్టినప్పుడు కనబడుద్ది." తర్వాత నా బూట్ల వైపు చూసి, "అటు తడిగా ఉందండి, ఇటు నడవండి," అని పక్కకు తప్పుకుంది.

సర్వేలో కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే. రాయి కనబడలేదని రాసేటప్పుడు, ఎక్కడ నిలబడి చూశారో కూడా రాయండి. మా ఫారంలో ఆ గడి లేదు. ఉండి ఉంటే, దోనెలో కూర్చుని చూశానని రాయాల్సి వచ్చేది.