పైన పది వరుసలు, కింద పది వరుసలు

పులివెందుల బస్టాండు దగ్గర చెప్పు తెగితే కుట్టించుకుందామని కూర్చున్నాను. కుట్టే పెద్దాయన తోలుముక్కను నీళ్లలో ముంచి తీశాడు. ఆ తడితోలు వాసనకు గ్రేసమ్మ టీచర్ గుర్తొచ్చారు. ఆమె ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పాత చేతిరాత చదవడంలో ఆమెకు సాటి వచ్చే మనిషిని నేను చూడలేదు.

మా తాతకు పిల్లికళ్లు. ఆయన తండ్రి యాకోబు, ఆ కాలంలో ఇంగ్లండు నుంచి జమ్మలమడుగుకు వచ్చిన బెన్నెట్ దొర కొడుకని మా ఇంట్లో చెప్పుకునేవారు. జమ్మలమడుగు చర్చిలోని పాత బాప్తిస్మం పుస్తకంలోంచి చిన్నాన్న ఒక వరుస ఫోటో తీసుకొచ్చాడు. మొదట్లో యాకోబు పేరు, చివర్లో దొర పేరు, మధ్యలో సిరా వెలిసిపోయి ఏమీ కనపడదు. ఇంకేం కావాలి? 'బెన్నెట్ దొర వంశం' అని చెక్కించి తాత సమాధి మీద వేయడానికి నాన్న నల్లరాయి కూడా చెప్పేశాడు.

నేనేమో దొర పూర్వీకుల వేటలో పడ్డాను. ఇంగ్లండు జనాభా లెక్కల కాగితాలు, అక్కడి చర్చి పుస్తకాల నకళ్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఆ కొక్కిరిబిక్కిరి రాత అర్థంకాక ప్రతి ఆదివారం టీచర్ ఇంటికి వెళ్లేవాణ్ణి. ఆమె భూతద్దం పట్టుకుని పేజీలో ఉన్నవాళ్లందరినీ చదివేవారు. నాకు విసుగొచ్చేది.

"మనకు కావాల్సింది ఒక్క వరుసే కదా మేడం?"

"పైన పది, కింద పది చదువు నాయనా. ఇరుగుపొరుగును చూడకుంటే మనిషిని యాడ గుర్తుపడతావు?"

అలా చదివే దొర తండ్రిని పట్టుకున్నాం. చెప్పులు కుట్టేవాడు. దొర తాతదీ అదే పని. "చూశారా మేడం, ఎంత కష్టపడి పైకొచ్చిన వంశమో మాది!" అన్నాను. కనపడిన ప్రతివాడికీ ఇదే చెప్పాను. ఆమె నవ్వి, "సరేగానీ, మీ యాకోబు కాగితం ఏదీ? మొదలు ఇడిసిపెట్టి కొస పట్టుకోని పోతాండావే" అన్నారు. ఫోన్లో ఫోటో చూపించాను. "పైన గడుల పేర్లు యాడ? ఇది నమ్మేదానికి లేదు. పోదాం పా" అన్నారు.

జమ్మలమడుగులో పాస్టరుగారు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. టీచర్ అలవాటుగా పై పది వరుసలు చదివారు. ప్రతి వరుస చివరా బెన్నెట్ దొరే. కింది పదిలోనూ ఆయనే. కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఏందప్పా, ఈళ్లందరికీ దొరే నాయనా?"

ఆ గడి పైన 'బాప్తిస్మం ఇచ్చినవారు' అనే అర్థంలో ఇంగ్లీషు మాటలున్నాయి. ఆ మాటల మీద వేలు పెట్టి మళ్లీ చదివాను. ఆమె పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నారు. "తండ్రి, ఓబన్న. ఊరు, మైలవరం. పని..." అని ఆగారు. "చెప్పులు కుట్టడం."

మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎన్నడూ అనలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "ఎవరికీ చెప్పకండి మేడం" అన్నాను. ఆమెకు కోపం రావడం అదొక్కసారే చూశాను.

"దొర నాయన కుడితే గొప్పా, మీ ఓబన్న కుడితే సిగ్గా? ఇన్నాళ్లూ ఆయప్ప చెప్పులు కుట్టినాడని ఊరంతా చెప్పుకోని తిరిగితివి గదా!"

తిరుగు బస్సులో ప్రొద్దుటూరు దాకా ఆమె కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు. ఓబన్న పనికి సిగ్గుపడినందుకు నాకప్పుడు నిజంగా సిగ్గేసింది.

నాన్నతో పదిరోజులు గొడవ. "మరి పిల్లికళ్లు యాడ నుంచి వచ్చినాయి?" అని ఆయన పట్టు. అది టీచర్‌కు చెబితే, "ఓబన్నకు ఉండకూడదా ఏంది?" అన్నారు. చివరికి నాన్న ఒక్కడే వెళ్లి పుస్తకం చూసొచ్చాడు. వచ్చీరాగానే రాయి చెక్కేవాడికి ఫోన్ చేశాడు. ఇప్పుడు తాత సమాధి మీద 'యాకోబు కొడుకు, ఓబన్న మనవడు' అని ఉంది.

టీచర్ పోయి మూడేళ్లయింది. ఏ కాగితం చేతికొచ్చినా పైన పది, కింద పది చదవనిదే నాకు తోచదు.

పెద్దాయన దారం తెంపి చెప్పు నా ముందు పెట్టాడు. "ఏం పని సార్ మీది?" అన్నాడు.

"స్కూల్లో టీచర్ని. మా ముత్తాత వాళ్ల నాయన మీ పనే చేస్తాండె. మైలవరంలో."

బయటివాళ్లతో ఆ మాట అనడం నాకదే మొదలు. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత తన గొడుగు కింద కాస్త పక్కకు జరిగాడు.

"మరి ఎండలో ఎందుకు కూచున్నావప్పా? ఇట్ల నీడకు రా."