కుట్టులో వదిలిన గుడ్డ

టైలరక్క టేపు కుక్కపిల్ల మెడ చుట్టూ తిరుగుతోంది. పెదాల మధ్య గుండుసూదులున్నంత సేపే ఆమె నోటికి విశ్రాంతి. పిల్లకి పుట్టుకతోనే చూపు లేదు, నడిస్తే గోడకే గుద్దుకుంటుంది. పిల్లలకి మంచి రంగొస్తే బాగా అమ్ముకోవచ్చని తోబుట్టువులైన కుక్కలనే జతకట్టించిన మరిది, ఇది అమ్ముడుపోదని వీధిలో వదిలేయబోతే ఆమె లాక్కొచ్చింది.

“దీనికీ కొలతలా వదినా?” అని మరిది నవ్వాడు.

ఆమె సూదులు తీసింది. “పెళ్లి ప్యాంటు కొలతలప్పుడు నువ్వు తిరిగిన మెలికలు ఇది తిరగట్లేదు, నయం!”

స్పాంజితో మూతి కంటే ముందుకొచ్చేలా గాజులాంటి మెత్తటి చక్రం కుట్టి, మెడపట్టీకి బిగించి తొడిగింది. ఈసారి గోడకి చక్రమే తగిలింది. పిల్ల తోకాడిస్తూ పక్కకి తిరిగింది. దాన్నెత్తి మరిది చేతుల్లో పెట్టింది.

“పట్టీ మడతలో గుడ్డ వదిలాను. నీ ఇంట్లో పెరిగే పిల్ల కదా, బిగుతైతే నువ్వే తీసుకురా, వదులు చేస్తా.”

అతను ఏదో అనబోయేలోపే సూదులు మళ్లీ పెదాల మధ్యకి చేరాయి.