పక్కన పెట్టించిన బుట్ట

మొన్న ఆదివారం షికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో కార్తీకమాసానికని ఒత్తులు చేసుకుంటూ కూర్చుంటే, మనవరాలు ఎదురుగా వచ్చి ఫోన్ పైకెత్తింది. అంతే, నా చేతులు వాటంతటవే ఆగిపోయాయి. పత్తి పళ్ళెంలో పెట్టేసి, విభూది అంటిన వేళ్ళు తుడుచుకుని, కొంగు సవరించుకుని నిటారుగా కూర్చున్నాను. అది పకపకా నవ్వి, "నో నో, ఆపకు అమ్మమ్మా, చేస్తూనే ఉండు, నాకు అదే కావాలి" అంది. నాకూ నవ్వొచ్చింది గానీ, కాసేపటికి మనసు ఎక్కడికో పోయింది.

డెబ్బైల చివర్లో మా వారికి మిన్నెసోటా ఉత్తరాన, ఒజిబ్వేలనే ఇక్కడి ఆదివాసులుండే చోట, ఒక చిన్న ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం దొరికింది. చింతపండు నిండుకుంటే నిమ్మకాయ చారుతోనే సరిపెట్టుకోవలసిన ఊరు, పొద్దున తలుపు తీస్తే మంచు అడ్డంగా నిలబడే ఊరు. అలాంటి చోట నాకు దిక్కయింది పక్కింటి ఒజిబ్వే పెద్దావిడ. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆవిడకి మాటలే తక్కువ, అయినా ఆవిడ వరండాలో గంటల తరబడి కూర్చునేదాన్ని. బర్చ్ చెట్టు బెరడుని, అదే మన పెద్దలు భూర్జపత్రమనేదాన్ని, వేడినీళ్ళ ఆవిరికి మెత్తబరచి, కత్తెర తగలనివ్వకుండా నాలుగు మూలలూ మడిచి, చెట్టువేరు పీచుతో అంచు కుట్టి బుట్ట చేసేది. చలి తగ్గే రోజుల్లో మేపుల్ చెట్ల నుంచి కారే తీపి నీరు అందులోనే పట్టేవారు, చుక్క బయటికి పోయేది కాదు. మా నాయనమ్మ ఈనెపుల్లలతో దొన్నెలు కుట్టడం చూసి పెరిగినదాన్ని కాబట్టి ఆవిడ దగ్గర నాకు పరాయితనమే తోచలేదు.

మా వారికి ఫొటోల పిచ్చి. ఆ ఊరివాళ్ళ సంప్రదాయాలూ బతుకూ అన్నీ ఫొటోలుగా తీసి దాచాలని ఆయన సంకల్పం. కానీ మన తరంలో ఫొటో అంటే ఎంత హంగామానో మీకు నేను చెప్పాలా? రీలు వృథా కాకూడదు, చూసినవాళ్ళు నలుగురూ మెచ్చుకోవాలి, పనిబట్టల్లో ఉన్న మనిషిని తీస్తే ఆ మనిషిని చిన్నబుచ్చినట్టే. అందుకని ఎవరింటికి వెళ్ళినా ఆయన కెమెరా సర్దుకునేలోగా నేను వాళ్ళచేత చేతులు కడిగించి, తలలు దువ్వించి, పెట్టెలో ఉన్న పూసల బట్టలు తీయించేదాన్ని. వల బాగుచేసుకుంటున్నాయన వల పక్కన పడేసి నిలబడేవాడు, చేపలు ఎండబెడుతున్నావిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చునేది. అదే మర్యాద అనుకున్నాం. వాళ్ళూ కాదనలేదు, పాపం.

ఎనభైల నడుమ మేము షికాగో వైపు వచ్చేశాం. పెద్దావిడ పోయిందన్న కబురు ఆలస్యంగా తెలిసింది.

నిరుడు ఆవిడ మనవరాలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నడివయసు మనిషి, అచ్చంగా ఆ నుదురే. బుట్టలు చేయడం మొదలుపెట్టిందట, అంతా కుదురుతోంది గానీ మూల దగ్గర నీరు కారిపోతోందట, వాళ్ళ ఇంట్లో ఆ మడత తెలిసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదట. మీ దగ్గర ఫొటోలున్నాయని అమ్మ చెప్పేది, అమ్మమ్మ మడుస్తున్నది ఒక్కటుంటే చాలు అంది. మా వారు ఉత్సాహంగా ఆల్బములన్నీ దించారు. అమ్మమ్మ ముఖం చూసి ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది. పూసల అంచు శాలువా, దువ్విన తల, ఒళ్ళో ముడుచుకున్న చేతులు. అన్నిట్లోనూ అంతే. ఒక్క ఫొటోలో మాత్రం కుర్చీకోడు పక్కన సగం మడిచిన బెరడు కనబడింది, మడిచిన మూలలేమో గోడవైపున్నాయి.

అన్నిసార్లు చూశావు గదా, నీకు గుర్తుండాలే అన్నారు మా వారు. కాగితం తీసుకుని మడవడానికి ప్రయత్నించాను. తీరా చూస్తే అది మా నాయనమ్మ దొన్నె అయింది. ఆ పిల్ల నొచ్చుకోకుండా దాన్నే భద్రంగా సంచిలో పెట్టుకుంది. ఆమె కారు కదిలాక మా వారూ నేనూ చాలాసేపు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

ఈ కాలం పిల్లలు తాగే కాఫీకి కూడా ఫొటోలు తీస్తారని ఇన్నాళ్ళూ విసుక్కున్నాను. ఇక విసుక్కోను. మనవరాలు అడిగినట్టే పత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుని, కెమెరా వంక చూడకుండా ఒత్తి తర్వాత ఒత్తి చేసుకుంటూ పోయాను. ఆ ఫొటో తీసిన రోజు వరండాలో పెద్దావిడ కూడా ఇలాగే తన పనిలో తాను ఉంది, కాస్త పక్కన పెట్టండి అన్నది నేనే. ఫొటో కాగానే బుట్ట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, మిగిలిన మూలలు మడిచింది. అప్పటికి మా వారు కెమెరాని తోలుసంచిలో పెట్టేశారు.