ఆయమ్మ చాపిన కాళ్లు

మా బాల్వాడీ ఆయమ్మ మొన్న మంగళవారం పోయింది. "తెల్లారి పోయింది టీచరమ్మా, నీకు సెప్పి రమ్మన్యారు" అని కబురు తెచ్చిన మనిషి గడప బయటే నిలబడ్డాడు. ఎమ్మిగనూరులో దొరికిన మొదటి బస్సెక్కి ఆదోనికి బయలుదేరాను. దారి పొడుగునా నాకు గుర్తొచ్చింది ఆమె ముఖం కాదు, ఆమె కాళ్లు.

ఆదోని బాల్వాడీలో టీచరుగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. శిక్షణలో నేర్పిన పాటలు, గోడకు తగిలించే బొమ్మలు తప్ప ఏమీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. ఆయమ్మ పొద్దున్నే వచ్చి ఊడ్చి, నీళ్లు పట్టి, పిల్లలకు ఉప్మా వండేది. ఏ పిల్లకు అవసరమవుతుందో అని నడుము దగ్గర ఒక పాత లాగు ఎప్పుడూ దోపుకుని ఉండేది.

ఆ ఏడాది మూడున్నరేళ్ల పాప ఒకతి చేరింది. వాళ్లది కోసిగి వైపు పల్లె. అమ్మానాన్న సుగ్గికి, అంటే పరాయి ఊళ్లకు కోత పనులకు, పోతూ దాన్ని ఆదోనిలో అవ్వ దగ్గర వదిలారు. అవ్వ పత్తి మిల్లులో కూలి. పాప దొడ్డికి కూర్చునేది కాదు. రెండు మూడు రోజులు బిగబట్టుకుని, గోడ మూలన కాళ్లు పెనవేసుకుని, చెమటలు కారుతూ నిలబడేది. చివరికి లాగులోనే అయిపోయేది.

బిస్కెట్టు ఆశ చూపాను, పాట పాడాను, బెదిరించాను. తనిఖీకి వచ్చిన మేడం ముందే ఒకరోజు అలా జరిగింది. "ఇంకోసారి ఇలా అయితే పేరు కొట్టేయండి" అని ఆవిడ వెళ్లిపోయింది. నేను పాప వీపు మీద ఒక్కటి వేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పేరు కొట్టేస్తే అవ్వ దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి పనికి పోవాల్సిందే. ఏం చేయాలో తోచక కూర్చుని ఏడ్చాను. పాప మాత్రం ఏడవలేదు.

"కడుపు గూడా ఒక మనిసే టీచరమ్మా. బెదిరిస్తే వస్తాదా?" అంది ఆయమ్మ. సాయంత్రం అవ్వ రాగానే అడిగింది. "వాళ్లమ్మ దీన్ని యాడ కూసోబెడతాండె?"

"యాడేముందమ్మా, కాళ్ల మీదనే" అంది అవ్వ.

ఇంత పెద్ద పిల్లనా అని నేను నవ్వాను కూడా.

మర్నాడు ఆయమ్మ పెరట్లో మట్టి మీద కూర్చుని రెండు కాళ్లూ చాపింది. పాదాల మధ్య కొంచెం సందు వదిలి, నెలల బిడ్డను కూర్చోబెట్టుకున్నట్టు పాపను పాదాల మీద కూర్చోబెట్టుకుని, చేతులు రెండూ పట్టుకుంది. "నాకేం తొందర్లేదు తల్లీ. నీకు వచ్చినప్పుడే రానీ" అని గోడ మీది కాకితో కబుర్లు మొదలుపెట్టింది. మూడో రోజు కేక వినిపించింది. "టీచరమ్మా, నీళ్లు! బిరీన నీళ్లు!" అంత సంబరంగా నేనెప్పుడూ చెంబు మోయలేదు.

ఆమెకు అప్పటికే మోకాళ్ల నొప్పులు. లేచేటప్పుడు గోడ పట్టుకునేది. అయినా రోజూ కాళ్లు చాపేది. పాప పేరు నిలిచింది, మరుసటి సుగ్గి దాకా. అప్పుడు తల్లి దాన్ని వెంట తీసుకుపోయింది. "యాడుందో, యా చేన్లో నిలబడుకోనుందో" అని ఆయమ్మ అంటూ ఉండేది.

పోయిన నెల ఎమ్మిగనూరు నుంచి ఆయమ్మను చూడబోతే మంచం మీద ఉంది. లేవలేకపోతోంది. ఇంట్లో కొడుకు తప్ప ఆడదిక్కు లేదు. సిగ్గుకు నీళ్లు తాగడం మానేసి, బిగబట్టుకుని, చెమటలు కారుతూ పడుకుని ఉంది. నేనున్నాను కదా, బేసిను పెడతానన్నాను.

"నీ సేతనా టీచరమ్మా? వద్దు" అని గోడ వైపు తిరిగింది.

చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాను. నాకేం తొందర లేదన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. గంటసేపు చూసి, బస్సు వేళయిందని లేచి వచ్చేశాను.

మంగళవారం నేను వెళ్లేసరికి వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. కాలి బొటనవేళ్లు రెండూ గుడ్డపేలికతో కలిపి కట్టేశారు. ఆ పాదాల మధ్య సందు లేదు.