కొండూరివాళ్ళ పిల్ల

శివకామికి మనుషుల మీద నమ్మకమెక్కువ. మా ఆండిపట్టి స్కూల్లో లైబ్రరీ టీచరుగా చేరిన రోజే ఆ జబ్బు కనిపెట్టాను. నేను లెక్కలు చెబుతాను, నాకలాంటి జబ్బుల్లేవు.

స్కూలు మా తెలుగు సంఘం వాళ్ళది. ఎన్నో తరాల కిందట ఈ తమిళదేశానికి వచ్చి, ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుకుంటూ బతుకుతున్నవాళ్ళం. తెలుగు చదవడం మాత్రం చాలామందికి రాదు. లైబ్రరీ అంటే రెండు ఇనప బీరువాలు, వాటికి తాళాలు. శివకామి ఆ తాళాలు తీసింది. మదురై నుంచి బస్సులో పాత కథల పుస్తకాలు మోసుకొచ్చింది. శుక్రవారం చివరి పీరియడులో ఒకరు తమిళ కథ చదవాలి, తర్వాత అదే కథ తమ ఇంటి భాషలో అందరికీ చెప్పాలి. సౌరాష్ట్ర పిల్ల చెప్పింది, ఉర్దూ పిల్లాడు చెప్పాడు, మలయాళం పిల్ల చెప్పింది. అర్థం కాకపోయినా మిగతావాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవారు. మధ్యాహ్నం డబ్బాల్లో కూరలు కూడా మారేవి. చూడ్డానికి బాగుండేదని ఒప్పుకోక తప్పదు.

స్కూలు కరెస్పాండెంటు రాధాకృష్ణన్‌గారు మురిసిపోయారు. మనుషులంతా ఒకటేనని ప్రతి మీటింగులోనూ చెప్పే పెద్దమనిషి. వార్షికోత్సవంలోనూ పిల్లలచేత కథలు చెప్పించమన్నారు.

దేవిప్రియ బస్టాండు వెనక కాలనీ పిల్ల. తండ్రి సుడలై మున్సిపాలిటీలో మురిక్కాలువలు తీస్తాడు. ఆ కాలనీలోనూ తెలుగే మాట్లాడతారు. ఊరందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనరు. క్లాసులో నోరు విప్పని ఆ పిల్ల వెంట శివకామి పడింది.

"నేను చెప్తే నవ్వుతారు టీచర్."

"ఏంటికి నవ్వుతారు పాప్పా? మీయింట్లో మాట్లాడేదే మాయింట్లోనూ. నీ పక్కనే ఉంటా, చెప్పు."

వార్షికోత్సవం రోజు దేవిప్రియ సంతలో తప్పిపోయిన మేకపిల్ల కథ చెప్పింది. తల్లిమేక గొంతు పోల్చుకుని పిల్ల పరుగెత్తే చోటికి వచ్చేసరికి హాల్లో ముసలమ్మలు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళ మనవలు ఇంట్లో కూడా తమిళానికి మళ్ళిపోయారు మరి. రాధాకృష్ణన్‌గారు శాలువా పట్టుకుని మైకు ముందుకొచ్చారు. మాలో ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న ఇంటిపేరే. అది కలిస్తే రక్తం కలిసినట్టే లెక్క.

"ఇంటిపేరేమి పాప్పా?"

"కొండూరివాళ్ళం సార్."

"కొండూరా! అరె, మాదీ అదే గదా!" ఆయన హాలంతా వినబడేట్టు నవ్వారు. "అట్లయితే నువ్వు నాకు మనవరాలివి. మీ ఇల్లు యాడుండాది?"

పిల్ల మొహం వెలిగిపోయింది. "బస్టాండు ఎనక కాలనీలో తాతా. మీ వీధిలో కాలవ తీసేది మా నాయనే."

ఎవరో దగ్గారు. పిల్ల మెడ దాకా వచ్చిన శాలువా ఆగి, పక్కకు మళ్ళి, శివకామి భుజాల మీద పడింది. "ఇదంతా టీచర్ కష్టం," అన్నారాయన మైకులో. చప్పట్లు కూడా కొట్టారు. శివకామి ఆ శాలువా తీసి, అందరి ముందూ దేవిప్రియకు కప్పింది. మా వాళ్ళ లెక్కలో ఆమె చేసిన నేరం అదే.

తెల్లారేసరికి రాధాకృష్ణన్‌గారి ఇంటిముందు కాలువ పూడిందట. సుడలైని పిలిపించారు. పార తెచ్చుకోనివ్వలేదు. వీధంతా నిలబడి చూస్తుంటే వట్టి చేతులతో తీయించారు.

"ఏమి సుడలై, మనం దాయాదులమంట గదా?" అన్నారాయన మేడ మీంచి.

వీధి నవ్వింది. సుడలై కూడా నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు. తండ్రికి అన్నం తెచ్చిన దేవిప్రియ గిన్నె పట్టుకుని అక్కడే ఉంది. నాకు కడుపు మండిపోయింది. మండితే ఎవరికేం ఒరిగింది?

సోమవారం బీరువాలకు మళ్ళీ తాళాలు పడ్డాయి. శుక్రవారం పీరియడు లెక్కలకిచ్చారు, అంటే నాకు. శివకామిని ఆఫీసులో కవర్లు అంటించడానికి కూర్చోబెట్టారు. దేవిప్రియ తల్లి తంగం వచ్చి, మడత పెట్టిన శాలువా ఆమె బల్ల మీద పెట్టింది.

"మంచిదే చేసినారు తల్లీ. ఇంక చెయ్యొద్దు."

అయినా శివకామి ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం వరండాలో నా ఎదుటే దేవిప్రియను ఆపి, కొంగు చాటున తెచ్చిన మేకపిల్ల పుస్తకం చేతికివ్వబోయింది.

"ఇంటికి తీసకపో పాప్పా. మీ అవ్వకు మన మాటలో చెప్పు."

పిల్ల చేతులు వెనక్కి కట్టుకుంది. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసి, తమిళంలో జవాబిచ్చింది.

"ఎంగ వీట్ల తమిళ్ దాన్ టీచర్. తెలుంగు తెరియాదు."

వాళ్ళింట్లో తమిళమేనట. తెలుగు రాదట. బెల్లు కొట్టారు. పిల్ల నా క్లాసులోకి వెళ్ళి కూర్చుంది.